మంచిదే పెట్టేం కదా

సోమవారం పొద్దున్న పదింటికి
మెయిలు మూగబోయింది.

చిన్న చక్రం ఒకటి తిరిగి తిరిగి
సర్వర్ దొరకలేదంది.
పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను.
మళ్లీ అడిగింది.
మూడేళ్లుగా నన్నెరిగిన పెట్టె
ముక్కూమొహం తెలీనట్టు
పదిహేడుసార్లు నువ్వెవరివంది.

పలాసలో, కాశీబుగ్గ పోయే దారిలో మా జీడి ఫ్యాక్టరీ.
ఆఫీసంటే ఒక రేకుల గది, ఒక ఫ్యాను, నేను.
గోడవతల బాయిలర్ ఆవిరి,
ఇవతల బిల్లు పుస్తకాల మీద సన్నటి జీడి పొర.
ఇండోరు వ్యాపారి రేటడిగి రెండ్రోజులు.
మూడొందల ఇరవై గుండు, నలభై టిన్నులు.
నా జవాబు మాత్రం ఔట్‌బాక్సులో
డ్రైవరు టీకి దిగిపోయిన బస్సులో
కిటికీ సీటు పట్టుకున్నదానిలా
కూర్చునే ఉంది.

మోడెమ్ పీకి పెట్టాను.
వైరు ఊది పెట్టాను.
దసరాకి పెట్టిన బొట్టు దాని నుదుట ఇంకా ఉంది.
నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే
మా వైపు బాగానే ఉందమ్మా అన్నారు.
మెయిలు కంపెనీ వాళ్లూ అదే మాట.
ఫోన్‌లో తెరిస్తే ఉత్తరాలు కనిపిస్తున్నాయి కూడా.
అందరి వైపూ బాగానే ఉంది.
మధ్యలోనే ఎక్కడో.

షావుకారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడి
"కంప్యూటరు కోర్సు సేసేనన్నావు గదా" అన్నాడు.
అన్నాను. చేశాను.
ఆ కోర్సులో ఇది లేదు.

నాలుగింటికి మందస నుంచి బండి మీద ఢిల్లేసు వచ్చాడు.
జేబులో స్క్రూడ్రైవరు.
కూచోలేదు, తెర వైపైనా చూడలేదు.
"పాడైపోనాదని సెప్పకు.
పాడవకముందు కొత్తగా ఏటెట్టేరో సెప్పు."

ఏమీ పెట్టలేదన్నాను.
"ఏటీ?"
ఏమీ లేదు... యాంటీవైరస్ ఒకటి, ఆదివారం.
పోయిన నెల పెన్‌డ్రైవ్‌లోంచి పురుగు పడి
జీతాల ఫైలు పోయింది కదా, అందుకని.
మంచిదే పెట్టేం కదా.

నవ్వాడు.
"మంచిదాన్ని ఎవులనుమానిస్తారు మరి!"

సంగతి ఇదట:
కాపలాకని పెట్టినది గుమ్మంలో కూచుని
వచ్చే ఉత్తరం విప్పి, పోయే ఉత్తరం తడిమి
మళ్లీ అంటించి
తన లక్కముద్ర తను వేస్తోంది.
ఆ ముద్ర మెయిలుకి కొత్త.
మా ఇంటిది కాదిది అని
తలుపేసుకుంది.
దొంగ లేడు ఇందులో. ఇద్దరూ కాపలావాళ్లే.

ఐదింటి సైరను మోగింది.
నా కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. రోజూ కనిపిస్తుంది.
పొర ఒలిచే ఆడవాళ్లు వరసలో,
సొన తిని నల్లబడ్డ వేళ్లతో
టిఫిను డబ్బా మూత తీసి చూపిస్తూ,
కొంగు విదిలించి చూపిస్తూ.
మొన్నటిదాకా వాళ్ల పక్కనే ఒలిచిన కూర్మమ్మ
కాకీ చొక్కా తొడుక్కుని నడుములు తడుముతోంది.
దమయంతి చేతులు బారచాపి
జాకెట్టుకి కొలతలిస్తున్నట్టు
రైలు పట్టాల వైపు చూస్తోంది.

"మొత్తం తీసీకు, ఈ ఒక్కటే" అన్నాడు ఢిల్లేసు.
సెట్టింగుల్లో సెట్టింగుల్లో సెట్టింగుల్లో
మెయిలు తనిఖీ అని ఒక గడి.
అందులో టిక్కు తీశాడు.

బస్తా మూతి విప్పితే
గచ్చు మీద పిక్కలు పడ్డట్టు
నలభై ఒక్క ఉత్తరాలు.
ఇండోరుది పైనే ఉంది:
వేరేచోట కొనేసుకున్నాం, వచ్చే నెల చూద్దాం.

రెండొందలు తీసుకుని ఢిల్లేసు వెళ్లాడు.
గేటు దగ్గర స్క్రూడ్రైవరు తీసి చూపించాల్సొచ్చింది.

ఆరింటికి నేను.
మూడేళ్లలో నన్నెప్పుడూ ఆపలేదు,
ఆఫీసు మనిషిని కదా.
నేనే ఆగి సంచీ తెరిచాను.
"మీకెందుకమ్మా, ఎల్లండి" అంది కూర్మమ్మ, కంగారుగా.
చూడు, అన్నాను.

గొడుగు, ఖాళీ డబ్బా, బస్సు టిక్కెట్లు,
అడుగున
ఎప్పుడు పడిందో తెలీదు
ఒక జీడిబద్ద.